మరణశాసనము: రైతు కుటుంబమునకు రక్షణము



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ప్రత్తి విత్తు రైతు పదునును, విత్తనమును విచారింపక గొఱ్ఱు కట్టడు. అట్టి జాగరూకుడే తన యనంతరము ఆ చేను ఎవరికి ఎట్లు చెందవలెనో నిర్ణయింపక కాలము గడపుచున్నాడు. వీలునామా వ్రాసినచో ఆయుస్సు తగ్గునని కొందఱి భయము. ఈ భయమునకు ఆధారము లేదు. వ్రాత లేకపోవుటచే అన్నదమ్ములు కోర్టుల పాలై, పంట సొమ్ము ఖర్చుల క్రింద పోవుట మాత్రము మన మెఱిగినదే.

మొదట తెలిసికొనవలసినది, తనది ఏది యనునది. స్వార్జితమును యజమాని తన యిష్టము వచ్చినవారికి వ్రాయవచ్చును. ఉమ్మడి పిత్రార్జితములో తన భాగమును మాత్రమే వ్రాయగలడు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టమునకు పూర్వము ఆ యవిభక్త భాగమును వ్రాయుటకు సైతము వీలులేకుండెను. మన రాష్ట్రములో 1985 సవరణ అప్పటికి వివాహము కాని కుమార్తెలకును, 2005 కేంద్ర సవరణ వివాహితలకును, కొడుకులతో సమానముగ పుట్టుకతోడి హక్కు నొసగినవి.

ఒక రైతునకు 9 ఎకరముల పిత్రార్జితము, 3 ఎకరముల స్వార్జితము, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు కలరనుకొందము. తల్లి గతించినది. పిత్రార్జితములో తండ్రికి 3, కొడుకునకు 3, కూతునకు 3 ఎకరములు. కావున తండ్రి వ్రాయగలిగినది 6 ఎకరములు మాత్రమే. మొత్తము 12 ఎకరములు కొడుకు పేర వ్రాసినచో, కూతురి 3 ఎకరముల విషయమున ఆ వ్రాత చెల్లదు. ఏమియు వ్రాయక మరణించినచో, ఆ 6 ఎకరములు భార్యకు, కొడుకునకు, కూతునకు రెండేసి చొప్పున చెందును.

మహమ్మదీయ సోదరులకు నియమము వేఱు. అంత్యక్రియల వ్యయము, ఋణములు పోగా మిగిలిన దానిలో మూడవవంతు మాత్రమే వసీయతుగా వ్రాయవచ్చును. ఒక వారసునకు వ్రాసినచో తక్కిన వారసుల సమ్మతి కావలెను.

ఇక వ్రాయు పద్ధతి. మరణశాసనమునకు స్టాంపు కాగితము అక్కఱలేదు. రిజిస్ట్రీ నిర్బంధము కాదు, కాని చేయించుట మేలు. వ్రాసినవాడు సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయవలెను. దానిని చూచిన ఇద్దఱు సాక్షులు అతని యెదుటనే సంతకములు చేయవలెను. వివాదము వచ్చినప్పుడు సాక్షులలో ఒకడైనను కోర్టులో చెప్పవలసియుండును గనుక, తనకంటె చిన్నవారిని, ఆస్తి పొందనివారిని సాక్షులుగా నెన్నుకొనుడు. ఆస్తి పొందువాడే ముందు నిలిచి వ్రాయించిన శాసనమును కోర్టులు అనుమానముతో పరీక్షించును. ఇది 1958లో సుప్రీంకోర్టు విశదపఱచిన న్యాయము. మనస్సు మారినచో బ్రతికియుండగా ఎన్నిమారులైనను మార్చి వ్రాయవచ్చును. కడపటిదే చెల్లును.

భార్య విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. "బ్రతికినంతకాలము అనుభవించి, పిమ్మట కొడుకునకు" అని వ్రాయుట వాడుక. మన తెలుగు దేశపు తులసమ్మ, శేషారెడ్డి వ్యాజ్యమును చూడుడు. తులసమ్మ భర్త 1931లో మరణించెను. ఆమె 1944లో మనోవర్తికై కోర్టు కెక్కగా, 1949లో రాజీ కుదిరి, కొంత ఆస్తి జీవితాంతానుభవమునకు మాత్రమే ఈయబడెను. ఆమె దానిలో కొంత అన్యాక్రాంతము చేయగా మఱది దావా వేసెను. అది పోషణహక్కుకై వచ్చిన ఆస్తి గనుక ఆమెకు సంపూర్ణహక్కు కలదని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తరువాతి వ్యాజ్యములలో వ్రాతలోని మాటలను బట్టి వేఱువిధముగను తీర్పులు వచ్చినవి. కావున భార్యకు కొంత భూమిని సంపూర్ణహక్కులతో వ్రాసి, తక్కినదానిని పిల్లలకు వ్రాయుట తగాదా లేని త్రోవ.

మైనరు బిడ్డగాని, వికలాంగుడగు బిడ్డగాని ఉన్నచో ట్రస్టు ఉపకరించును. నమ్మకమైన ధర్మకర్తకు భూమిని అప్పగించి, దాని ఫలసాయమును బిడ్డ పోషణకే వినియోగింపవలెనని వ్రాయవచ్చును. 1882 ట్రస్టు చట్టము ప్రకారము భూమి విషయమున ఇది మరణశాసనము ద్వారా గాని, రిజిష్టరు దస్తావేజు ద్వారా గాని జరుగవలెను.

సంఘమునకు కుదువబెట్టిన భూమి ఋణముతోగూడనే వారసునకు సంక్రమించును. కావున అప్పు ఎంత, ఎవరు తీర్పవలెనో శాసనములోనే పేర్కొనుడు. డిపాజిట్టునకు నామినీగా వ్రాయబడినవాడు సొమ్ము పుచ్చుకొనువాడే గాని, అంతమాత్రమున దానికి యజమాని కాడు.

సోదరులారా! ఈ వేసవిలో, పనులు తీరికగా నున్నప్పుడే, పాస్‌పుస్తకమును, పాత దస్తావేజులను తీసి చూడుడు. ఆదోని తాలూకా 1953 వఱకు బళ్ళారి జిల్లాలోనిది గనుక పూర్వపు దస్తావేజులలో ఆ జిల్లా పేరే యుండును. వానిని పాఱవేయకుడు. పిత్రార్జిత మేదియో నిరూపించునవి అవియే. సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు జాబితా వ్రాసికొని, భార్యాబిడ్డలతో మాటలాడి, పిమ్మట వకీలు నొద్దకు పొండు. చేనికి గట్టు వేసిన చేతులతోనే, మీ యనంతరము మీ బిడ్డల మధ్య పోరు రాకుండ ఈ గట్టును గూడ వేసిపొండు.