మామిడి సొనకు, టర్పెంటైన్‌కు చుట్టరికం
(సందేహాలు – సమాధానాలు)

సందేహం: చిన్న రసాలు కోసేటప్పుడు ముచ్చిక దగ్గర చిమ్మే సొన, రంగుల్లో కలిపే టర్పెంటైన్‌లాగే ఘాటుగా కొడుతుంది. రెంటికీ ఏమైనా సంబంధం ఉందాండీ?
– ఒక రైతు, ఆగిరిపల్లి

సమాధానం: ఉంది, దగ్గరి చుట్టరికమే. టర్పెంటైన్ అనే మాటకు మూలం గ్రీకు 'టెరెబింథోస్'. అది మధ్యధరా తీరంలో పెరిగే ఒక చెట్టు పేరు. బెరడుకు గాటు పెడితే కారే బంకకు మొదట ఆ పేరు వచ్చింది. తర్వాత పైన్ చెట్ల బంక నుంచి తీసే నూనెకు స్థిరపడిపోయింది. మీరు రంగుల్లో కలిపేది అదే. అసలు పేరు గల ఆ చెట్టు మాత్రం మన మామిడి, జీడిమామిడి, పిస్తాల కుటుంబానిదే. 19వ శతాబ్దంలో రసాయన శాస్త్రజ్ఞులు ఆ నూనెలోని పదార్థాలకు టర్పెంటైన్ పేరు మీదుగానే 'టర్పీన్లు' అని పేరు పెట్టారు. సొన ఘాటుకూ, మగ్గిన పండు ఘుమఘుమకూ ముఖ్య కారణం ఆ టర్పీన్లే. కాబట్టి మీ ముక్కు సరిగ్గానే పట్టింది. అన్నట్టు, సొన కారితే తొక్క మీద నల్ల మచ్చలు పడి కాయ ధర పోతుంది. తొడిమతో కోసి, నీడలో తొడిమ తుంచి, కాయను బోర్లించి సొన కారిపోనివ్వండి.

సందేహం: ఇంగ్లీషు 'స్టింక్'కు ఒకప్పుడు మంచి వాసన అనే అర్థం కూడా ఉండేదట. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, నూజివీడు

సమాధానం: నిజమే. పాత ఇంగ్లీషులో ఆ క్రియకు వాసన వేయడమనే అర్థం. పువ్వుదైనా మురుగుదైనా ఒకటే మాట. కాలక్రమంలో చెడ్డదే మిగిలింది. మన 'కంపు' కథా అలాంటిదే. కన్నడంలో కంపు అంటే ఈనాటికీ పరిమళమే. మనం దాన్ని ముక్కు మూసుకునే మాటగా మార్చేసుకున్నాం. అదే కుదురుకు చెందిన 'కమ్మని' మాత్రం చెడిపోకుండా నిలిచింది. తమిళుల 'నాట్రం' కూడా ఒకప్పుడు సువాసనే.

సందేహం: తొలకరి వాసనకు ఇంగ్లీషులో పేరుందా?
– ఒక గృహిణి, ముసునూరు

సమాధానం: 'పెట్రికోర్'. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసంలో ఈ మాట పుట్టించారు. గ్రీకులో పెట్రా అంటే రాయి, ఇకోర్ అంటే దేవతల ఒంట్లో పారే ద్రవం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అంతకు ఎంతో ముందు నుంచే ఆ వాసనను మట్టి అత్తరుగా తీస్తున్నారు. మామిడి పూతకు, పచ్చి కాయకు, గడ్డిలో మాగిన పండుకు మీ ఊళ్లో వేర్వేరు వాసన మాటలుంటే దయచేసి మాకు రాసి పంపండి. పెద్దవాళ్లను అడిగి మరీ రాయండి.