ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడికి?



ఆళ్లగడ్డలో శిల్పులు రాతి విగ్రహాలు చెక్కడం మీలో కొందరు చూచే ఉంటారు. ఎవరైనా వచ్చి “ఆరడుగుల విగ్రహం కావాలి” అన్నారనుకోండి. శిల్పి మొదట అడగవలసిన మాట ఏమిటి? “పీఠంతో కలిపి ఆరడుగులా, పీఠం కాకుండానా?” అని. చిన్న ప్రశ్నే. కాని అడగకపోతే తీరా విగ్రహం గుడి వాకిట్లో పట్టకపోవచ్చు.

ఏ కొలతకైనా రెండు కొసలుంటాయి. అవి ఎక్కడున్నాయో తెలియకపోతే ఆ కొలత ఎంత సూక్ష్మమైనదైనా పనికిరాదు. ఉపగ్రహాల సాయంతో భూమిని కొలిచేవారికి ఇదే చిక్కు వస్తుంది.

ఆకాశం నుంచి కొలత

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలయింది. అందులో గొలుసులకు బదులు ఉపగ్రహ సంకేతాలను అందుకొనే పరికరాలు వాడారు. ఇలాంటి పనుల్లో మిక్కిలి కచ్చితమైన గుర్తులు కావాలంటే ‘స్థిర పద్ధతి’ అనుసరిస్తారు. నంద్యాలలో స్థానం ముందే తెలిసిన ఒక గుర్తు మీద ఒక ఏంటెన్నా, సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డలో కొత్త గుర్తు మీద మరొక ఏంటెన్నా నిలిపారనుకోండి. రెండూ కదలకుండా కొన్ని గంటలపాటు ఒకే సమయంలో అవే ఉపగ్రహాల సంకేతాలను నమోదు చేస్తాయి. తరువాత ఆ రెండు నమోదులనూ కంప్యూటరులో కలిపి లెక్క కడతారు.

జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటాయి. వాటి రేడియో తరంగాలలో ఒకదాని తరంగదైర్ఘ్యం 19 సెంటీమీటర్లు, మరొకదానిది 24 సెంటీమీటర్లు. తరంగంలో నూరోవంతును గుర్తించగలిగితే 2 మిల్లీమీటర్ల తేడా తెలిసిపోతుందన్నమాట! మరి ఇంత సూక్ష్మంగా కొలిచిన దూరం ఏంటెన్నాలో ఏ చోటికి చేరినట్టు?

కనబడని కేంద్రం

ఒక చిన్న ప్రయోగం చేయండి. నీళ్ల తొట్టిలో చదరపు చెక్కముక్కను తేలవేసి, వేలితో ఒకసారి నొక్కండి. చెక్క దగ్గర అలలు చదరంగానే ఉంటాయి. దూరం పోయేకొద్దీ గుండ్రబడతాయి. ఆ గుండ్రని అలను మాత్రమే చూచినవారు “ఇది ఫలానా బిందువు నుంచి పుట్టింది” అని ఊహించగలరు. చెక్క మీద ఆ బిందువును ఎవరూ గుర్తు పెట్టలేదు. అయినా అలలకు కేంద్రం అదే.

ఏంటెన్నాకూ ఇలాంటి బిందువు ఒకటుంది. దానిని దశా కేంద్రం, ఇంగ్లీషులో ఫేజ్ సెంటర్, అంటారు. కొలిచిన దూరం చేరేది అక్కడికే. అది ఏంటెన్నా అడుగుభాగానికి సాధారణంగా కొన్ని సెంటీమీటర్ల పైన ఉంటుంది. రెండు తరంగాలకు రెండు వేర్వేరు చోట్ల ఉంటుంది. ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పుడు ఒకచోట, దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు మరొకచోట ఉన్నట్టు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుగుతుంది కూడా!

కనబడని బిందువుకు టేపు పట్టలేము గదా. అందుచేత నేలమీది గుర్తు నుంచి ఏంటెన్నా అడుగున నిర్ణయించిన ఆధార బిందువు వరకే టేపుతో కొలుస్తారు. అక్కడి నుంచి దశా కేంద్రం దాకా ఉన్న దూరాన్ని పట్టికలో చూచుకొంటారు. మరమనిషి చేతికి ఏంటెన్నాను అమర్చి, అన్ని వైపులకూ తిప్పి, వంచి ఈ విలువలను కనుగొంటారు. ఒక్కొక్క రకం ఏంటెన్నాకు ఒక్కొక్క పట్టిక.

తప్పు ఎంత?

నంద్యాల ఏంటెన్నాలో దశా కేంద్రం ఆధార బిందువుకు 9 సెంటీమీటర్ల పైన, ఆళ్లగడ్డ దానిలో 6 సెంటీమీటర్ల పైన ఉందనుకొందాం. పట్టిక చూడకుండా లెక్క కడితే ఆళ్లగడ్డ గుర్తు అసలుకన్నా 3 సెంటీమీటర్లు పల్లంలో ఉన్నట్టు వస్తుంది. రెండుచోట్లా ఒకే రకం ఏంటెన్నా ఉంటే రెండు తప్పులూ దాదాపు సమానమై తీసివేతలో పోతాయి. రకాలు వేరైతే పోవు. రెండు తరంగాలను కలిపి చేసే లెక్కలో ఈ తేడా ఇంకా పెరగవచ్చు.

“మూడు సెంటీమీటర్లేగా?” అంటారేమో. పొలం గట్టుకు అది పెద్దది కాదు. కాని నంద్యాల వైపు కె.సి. కాలువలో నీరు పారేది వాలును బట్టే. ఒక పిల్లకాలువను కిలోమీటరుకు 10 సెంటీమీటర్ల వాలుతో తవ్వాలనుకోండి. కిలోమీటరు దూరంలోని రెండు గుర్తుల మధ్య 3 సెంటీమీటర్లు తప్పితే వాలులో దాదాపు మూడోవంతు తప్పినట్టే. చివరి పొలం రైతు నీటికోసం ఎదురు చూడవలసిందే!

కనుక సర్వే చేసేవారు మూడు సంగతులు తప్పక వ్రాసుకొంటారు: ఏంటెన్నా రకం పేరు, టేపుతో కొలిచిన ఎత్తు, ఆ ఎత్తు ఏ చోటివరకు కొలిచారన్నది. ఆధార బిందువు వరకు కొలిచి “దశా కేంద్రం వరకు కొలిచాను” అని కంప్యూటరుకు చెబితే ఆ 9 సెంటీమీటర్లు లెక్కలోకే రావు. దశా కేంద్రం వరకు లెక్కవేసి “ఆధార బిందువు వరకు” అని చెబితే రెండుసార్లు వస్తాయి. ఏంటెన్నా మీది ఉత్తరపు గుర్తును ఉత్తరానికే తిప్పి నిలపడం కూడా మరువరాదు.

మీరే లెక్క కట్టండి

నంద్యాల ఏంటెన్నాకు 7 సెంటీమీటర్లు, ఆళ్లగడ్డ ఏంటెన్నాకు 12 సెంటీమీటర్లు అయితే, పట్టిక చూడనివారికి ఆళ్లగడ్డ గుర్తు ఎంత తేడాతో కనబడుతుంది? పైకా, కిందికా?

(జవాబు: 5 సెంటీమీటర్లు పైకి.)

రేపు ప్రయోగశాలలో స్కేలు చేత పట్టుకొన్నప్పుడు ముందుగా మిమ్మల్ని మీరు అడగండి: ఎక్కడి నుంచి, ఎక్కడికి?