గ్రంథాలయ కంప్యూటరుకు లినక్స్ ఎంపిక

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రూపొందించిన లినక్స్ నిజానికి ఒక కెర్నెల్ మాత్రమే. యంత్రభాగాలకూ ప్రోగ్రాములకూ నడుమ అది వారధి వంటిది. దానికి గ్నూ ఉపకరణాలను, ఇతర సాఫ్ట్‌వేర్‌ను చేర్చి, వాడుకకు సిద్ధంగా అందించే కూర్పును డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో ఆరంభమైన డెబియన్, దాని ఆధారంగా 2004లో వెలువడిన ఉబుంటు ఇట్టివే. సీ-డాక్ సంస్థ భారతీయ భాషలను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన ‘బాస్’ కూడా డెబియన్‌పై ఆధారపడినదే.

తెరపై కనిపించే కిటికీలు, పట్టికలు, బొమ్మగుర్తుల ఏర్పాటును డెస్క్‌టాప్ అంటారు. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ ప్రారంభమైనాయి. ఈ రెండు ఎంపికలూ వేర్వేరు. ఒకే డిస్ట్రిబ్యూషన్‌లో పలు డెస్క్‌టాపులను స్థాపించి, ప్రవేశించునప్పుడు కోరినదానిని ఎన్నుకొనవచ్చు. కనుక తెర రూపం నచ్చనంత మాత్రాన డిస్ట్రిబ్యూషన్‌నే మార్చనవసరం లేదు.

2011లో గ్నోమ్ మూడవ తరం రూపం సమూలంగా మారింది. పాత అమరికకు అలవాటుపడినవారి కొరకు మేట్, సినమన్ అనే డెస్క్‌టాపులు ఏర్పడినాయి. అదే సంవత్సరం యూనిటీని ప్రధాన డెస్క్‌టాపుగా స్వీకరించిన ఉబుంటు, తిరిగి గ్నోమ్‌కు మరలుతున్నట్లు 2017లో ప్రకటించింది. రూపాలు ఇట్లు మారుచుండును. పాఠశాల ప్రతి మార్పునూ అనుసరించనక్కరలేదు.

కేరళ ప్రభుత్వ పాఠశాలల అనుభవం ఇందుకు ఉదాహరణ. అక్కడి ఐటీ ఎట్ స్కూల్ పథకం తన కూర్పును తొలుత డెబియన్‌పై, తరువాత ఉబుంటుపై నిర్మించింది. 2017లో ఆ పథకం కైట్ సంస్థగా రూపొందింది. ఆధారం మారినా, పాఠ్యాంశాలకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను కూర్పులోనే చేర్చి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుటచే బోధన కొనసాగింది.

భాష విషయం మరింత ముఖ్యమైనది. యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు ఏ డిస్ట్రిబ్యూషన్‌లోనైనా చదువవచ్చు. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో దాచిన గ్రంథసూచికలు మాత్రం ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని అక్షరాలుగా కనిపించును. మార్పునకు ముందే వాటిని యూనికోడ్‌లోనికి మార్చుకొనవలెను. భారత ప్రభుత్వం ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రధాన డిస్ట్రిబ్యూషన్లన్నింటిలో లభిస్తుంది. తెలుగు, మలయాళం, హిందీ లిపులలో ‘క’కు అందులో ఒకే మీట. ఒక భాషలో అలవాటైన వ్రేళ్ళు మరొక భాషలో సులభంగా కదలగలవు.

ఎంపికలో మొదట యంత్రపు శక్తిని చూడవలెను. మెమరీ 2 గిగాబైట్లే ఉన్న పాత యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ వంటి తేలిక డెస్క్‌టాపులు అనుకూలం. గ్నోమ్, కేడీఈలకు అంతకు మించిన మెమరీ ఉండుట మేలు. పిదప భద్రతా సవరణలు ఎన్నాళ్ళు అందునో తెలుసుకొనవలెను. ఉబుంటు దీర్ఘకాల కూర్పులకు 5 సంవత్సరాలు సాధారణ మద్దతు లభిస్తుంది. గడువు తీరిన కూర్పును నెట్‌వర్కుపై నడుపుట అపాయకరం. మార్పు నిజంగా అవసరమయ్యేది అప్పుడే.

మార్పునకు పూర్వం ఫైళ్ళన్నింటికీ వేరొకచోట ప్రతి తీసి ఉంచవలెను. పెన్‌డ్రైవు నుండి కొత్త కూర్పును నడిపి ప్రింటరు, నెట్‌వర్కు, తెలుగు టైపింగు పనిచేయునో లేదో పరీక్షించవచ్చు. మొదట ఒక్క యంత్రంపై కొన్ని వారాలు వాడి చూచి, పిమ్మట తక్కినవాటిని మార్చుట క్షేమకరం. విద్యార్థి చదువు, వ్రాత ఆగకుండా సాగినప్పుడే ఎంపిక సరియైనదని చెప్పవచ్చును.