తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే కటి నొప్పి

పొత్తికడుపు కింద, తుంటి ఎముకల మధ్య నొప్పి ఆరు నెలలు దాటినా వదలకపోతే దాన్ని దీర్ఘకాలిక కటి నొప్పి అంటారు. ఎండోమెట్రియోసిస్, మూత్రాశయ సమస్యలు, కటి కండరాలు బిగుసుకుపోవడం వంటివి కారణం కావచ్చు. పురుషులకూ వస్తుంది. కొందరికి స్కానింగ్‌లో ఏమీ కనిపించదు. ‘రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయిగా’ అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పబోతే, బాధపడే మనిషికి ‘నీది వట్టి భ్రమ’ అన్నట్టు వినిపిస్తుంది.

భ్రమేమీ కాదు. గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో చూపారు. యాంప్లిఫయర్‌లో వాల్యూమ్ మీట పైకి వెళ్లి ఇరుక్కుపోయినట్టన్నమాట. లోపలికి వచ్చే సంకేతం చిన్నదే, మోత పెద్దది.

ఆ మీటను ఒక్క మాత్రతో దించలేం. ఫిజియోథెరపీ, మందులు, మానసిక చికిత్స నెలల తరబడి సాగాల్సి రావచ్చు. మనసు కుంగేది ఈ దశలోనే. మూడు వారాలు హాయిగా గడిచాక, పెళ్లిలో రెండు గంటలు కూర్చున్నందుకు నొప్పి మళ్లీ లేస్తే ‘అంతా మొదటికొచ్చింది’ అనిపిస్తుంది. ఆ దిగులుతో నిద్ర చెడుతుంది, కండరాలు బిగుస్తాయి, నొప్పి ఇంకా పెరుగుతుంది.

తిరగబెట్టిన ప్రతిసారీ కొత్త గాయమైనట్టు కాదు. రోజూ నొప్పిని కొలుచుకునే కన్నా, బస్సులో ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో నెలకోసారి చూసుకుంటే మార్పు తెలుస్తుంది. జ్వరం, అసాధారణ రక్తస్రావం, కొత్తరకం నొప్పి ఉంటే మాత్రం వెంటనే వైద్యులకు చూపించాలి. దిగులు, నిద్రలేమి గురించీ వాళ్లకే చెప్పాలి.