గేమ్‌లో మన పక్కన పోరాడేవాడు ఎలా ఆలోచిస్తాడు?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో, నెమలి నుంచి స్కూల్ బస్సులో వచ్చే ఎనిమిదో తరగతి బాబు వాళ్ళ నాన్నగారు ఒక మాట అన్నారు. "మేడమ్, వీడు లాప్‌టాప్ ముందు కూర్చుని లేని మనిషిని తిడుతున్నాడు. 'నన్ను చంపేశావు కదరా' అంటున్నాడు. భయమేసి లాప్‌టాప్ లాక్కున్నాను. రెండు రోజుల నుంచి నాతో మాట్లాడట్లేదు."

బాబును కూర్చోబెట్టి అడిగాను. తను ఆడుతున్నది వాళ్ళ అన్నయ్య లాప్‌టాప్‌లోని 'ఫైనల్ ఫాంటసీ 12'. తిడుతున్నది ఆ గేమ్‌లో తన జట్టులో ఉన్న ఒక పాత్రను. దెబ్బలు తగిలినప్పుడు వైద్యం చేయాల్సిన ఆ పాత్ర, ఈ బాబు పడిపోతున్నా చూడకుండా కత్తి తిప్పుతూనే ఉందట. "కావాలనే చేస్తున్నాడు మేడమ్" అన్నాడు.

నిజంగా కావాలనే చేస్తుందా? పిల్లలతో పాటు మనం కూడా తెలుసుకోదగ్గ విషయం ఇది.

జట్టులో ఒకరే మనిషి

యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో చాలావరకు ఆటగాడు ఒక్క పాత్రనే నడుపుతాడు. జట్టులోని మిగతా పాత్రలను కంప్యూటర్ నడుపుతుంది. 1993లో వచ్చిన 'సీక్రెట్ ఆఫ్ మనా'లోనే ఈ పద్ధతి ఉంది. తోటి పాత్రలు ఎంత దూకుడుగా ఉండాలో, ఎంత దూరంలో ఉండాలో అందులో ఆటగాడే చెప్పవచ్చు. 2006లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 12' ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక్కో పాత్రకు 'గ్యాంబిట్లు' అనే నియమాలను ఆటగాడే రాసి పెట్టవచ్చు, గరిష్ఠంగా 12. ప్రతి నియమంలో రెండు భాగాలు: ఒక షరతు, ఒక పని. "మనవాళ్ళ ప్రాణశక్తి 30 శాతం కంటే తగ్గితే, వైద్యం చెయ్యి." "దగ్గరలో శత్రువు కనిపిస్తే, కొట్టు."

ఇది వివరిస్తుంటే ఆ నాన్నగారే నవ్వి, "మా మోటారుకు ఆటో స్టార్టర్ ఉన్నట్టన్నమాట" అన్నారు. సరిగ్గా అదే! కరెంటు వస్తే మోటారు తిరగాలి. ఆటో స్టార్టర్‌కు తెలిసింది అంతే. చేను అప్పటికే తడిసిందా, నీళ్ళు గట్టు దాటి పోతున్నాయా అని అది చూడదు. దానికి మన మీద కోపమూ లేదు, ప్రేమా లేదు.

అసలు కిటుకు వరుసలో ఉంది

కంప్యూటర్ ఆ నియమాలను పై నుంచి కిందికి చూస్తుంది. మొదట ఏ షరతు నిజమైతే ఆ పని చేసి, మళ్ళీ పై నుంచి మొదలుపెడుతుంది. బాబు "కొట్టు" అన్నది మొదట, "వైద్యం చెయ్యి" అన్నది రెండోది రాశాడు. యుద్ధంలో ఎదురుగా శత్రువు ఎప్పుడూ ఉంటాడు కదా! అందుకే మొదటి నియమం దగ్గరే పని ఆగిపోయింది. రెండోదాని వంతు రానేలేదు.

షరతులోని అంకె కూడా ముఖ్యమే. "90 శాతం కంటే తగ్గితే" అని రాస్తే చిన్న గీత పడినా వైద్యం చేసి మంత్రశక్తి అంతా ఖర్చు చేసేస్తుంది. పెద్ద దెబ్బ తగిలేసరికి చేతిలో ఏమీ మిగలదు. "10 శాతం" అని రాస్తే వైద్యం అందేలోపే ఆట అయిపోవచ్చు.

ఆ రెండు నియమాలను కాగితం మీద రాయించి, "ఇప్పుడు చెప్పు, తప్పు ఎవరిది?" అని అడిగాను. కాసేపు చూసి, "నాదే మేడమ్, వరుస తప్పు" అన్నాడు. ఎదుటివారి మీద నెట్టకుండా తన పనిని తానే సరిచూసుకున్న ఆ నిమిషం నాకు చాలా విలువైనది. కోడింగ్‌లో అయినా, లెక్క తప్పినప్పుడైనా కావాల్సిన అలవాటు అదే. నేను ఇంగ్లిష్ క్లాసులో చెప్పే 'ఇఫ్' వాక్యాలు కూడా ఇవే. షరతు ముందు, ఫలితం తర్వాత.

ఇంట్లో ఇలా చేసి చూడండి

• లాక్కునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "నీ పక్కనున్నవాడు ఏ నియమం ప్రకారం అలా చేశాడు?"

• గేమ్ లేకుండానే ఆడండి. మీరు కంప్యూటర్, పిల్లలు నియమాలు రాసేవాళ్ళు. "స్కూల్ నుంచి రాగానే" అన్న సందర్భానికి ఐదు నియమాలు రాయమనండి. రాసింది రాసినట్టే చేసి చూపించండి. "బూట్లు విప్పు" అని రాయడం మరిచిపోతే బూట్లతోనే మంచం ఎక్కండి!

• గేమ్ మీది వయసు గుర్తు చూడండి. అమెరికా రేటింగ్ ప్రకారం 'ఫైనల్ ఫాంటసీ 12' 13 ఏళ్ళు దాటినవారికి. ఇలాంటి నియమాలే రాసే 2009 నాటి 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్' 17 దాటినవారికి. అది స్కూలు పిల్లలకు వద్దు.

• ఆట సమయాన్ని ముందే మాట్లాడుకోండి. ఆ మాట మీద ఇద్దరూ నిలబడండి.

గేమ్‌లు ఎక్కువసేపు ఆడనివ్వమని నేను చెప్పడం లేదు. అందులో ఏం జరుగుతోందో పిల్లలతో మాట్లాడమంటున్నాను. గేమ్‌లోని తోడు రాసిపెట్టిన నియమాలు మాత్రమే చూస్తుంది. పిల్లల ముఖం చూసి, రాయని నియమాన్ని కూడా అర్థం చేసుకోగలిగిన తోడు మీరే.

ఆ రోజు తండ్రీకొడుకులు మాట్లాడుకుంటూ గేటు దాటారు. ఆటో స్టార్టర్‌కు ఇంకో షరతు ఎలా పెట్టాలా అని!

— మీ ఇంగ్లిష్ టీచర్