బరువు చక్రము: ఫ్లైవీలు చేయు పనియు, దానిని మార్చు విధమును

కుమ్మరి సారె త్రిప్పుట మీలో అనేకులు చూచియుందురు. అతడు చక్రపు అంచుననున్న గుంటలో కర్రనుంచి, నాలుగైదు మారులు వడిగా త్రిప్పి, కర్రను ప్రక్కనబెట్టి, రెండు చేతులతో మట్టిని పట్టుకొనును. కర్ర తీసిన పిమ్మటను సారె తిరుగుచునే యుండును. చక్రము తేలికయైనదైనచో మట్టిపై చేయి మోపిన తోడనే నిలిచిపోవును. బరువే దాని గుణము. యిర్మీయా ప్రవక్త కుమ్మరి యింటికి పోయి చూచిన సారెకు హెబ్రీ భాషలో వాడిన పదము రెండు రాళ్లు అను అర్థము నిచ్చును. మీది రాయి మట్టికి, క్రింది రాయి బరువునకు అని పండితులు వివరించుదురు.

మోటారు ఇంజనునందు ఈ సారె పనిని చేయునది ఫ్లైవీలు. మన శాస్త్ర పుస్తకములలో దీనికి గతిపాలక చక్రమని పేరు. పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు, "అయ్యగారూ, పందెపు కారు తేలికగా నుండవలెను గదా, ఇంత బరువు చక్రము నెందుకు మోయవలెను?" అని యడిగెను. ప్రశ్న మంచిది. అందుచేతనే ఈ వ్యాసము.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరును గాలిని పెట్రోలును కలిపి పీల్చుట, అదుముట, మండించి త్రోయుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులను వరుసగా చేయును. వీనిలో బలము నిచ్చునది మూడవది మాత్రమే. తక్కిన మూడును బలమును తినునవే. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునంతలో ఒక్కొక్క సిలిండరు ఒక్కమారే త్రోయును. నాలుగు సిలిండర్లున్నచో అరచుట్టున కొక త్రోపు చొప్పున వచ్చును. త్రోపునకును త్రోపునకును నడుమ ఇంజను కుంటువడకుండ కాపాడునది ఫ్లైవీలు. అది త్రోపు వచ్చినపుడు కొంత శక్తిని దాచుకొని, లేనపుడు మరల నిచ్చును.

ఎంత శక్తిని దాచుకొనునో లెక్క వేసి చూతము. 10 కిలోగ్రాముల బరువును 15 సెంటీమీటర్ల వ్యాసార్ధమును గల గట్టి బిళ్ల యొకటి యున్నదనుకొనుడు. బిళ్లకు జడత్వ భ్రామకము, ద్రవ్యరాశిని వ్యాసార్ధపు వర్గముచే గుణించి సగము చేయగా వచ్చును, అనగా 0.1125. అది నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో సెకనుకు 314 రేడియన్లు. దాని వర్గమును 0.1125 చే గుణించి మరల సగము చేసినచో సుమారు 5,550 జౌళ్లు వచ్చును. ఆ శక్తి ఆ చక్రమునే 56 మీటర్ల ఎత్తునకు లేవనెత్తుటకు చాలును! చుట్లు 6000 అయినచో శక్తి రెండింతలు గాదు, నాలుగింతలగును. అప్పుడు చక్రపు అంచు గంటకు సుమారు 340 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఈ సంఖ్యను మరువకుడు. దీనితో మరల పనియున్నది.

ఇక ఒక నిజమైన కారును తీసికొందము. ఇంగ్లాండులోని ఆబింగ్డను పట్టణమున 1962 మొదలు 1980 వరకు ఎం.జి.బి. అను చిన్న స్పోర్ట్సు కార్లను చేసిరి. అయిదు లక్షలకు మించి తయారయినవి. ఇంజను 1798 ఘన సెంటీమీటర్లది. వీనిని నేటికిని ప్రేమతో ఉంచుకొని, తమ యింటి షెడ్డులోనే బాగుచేసికొనువారు కలరు.

ఫ్లైవీలు ఊరక చెడదు. క్లచ్చి పలక అరిగిపోయి, దాని రివెట్లు చక్రపు ముఖమును గీరవచ్చును. క్లచ్చి జారి జారి కాలుటచే ముఖముపై నీలి మచ్చలును సన్నని పగుళ్లును ఏర్పడవచ్చును. చక్రము చుట్టునున్న పండ్ల కడియమును స్టార్టరు కొరికివేయవచ్చును. పండ్లు మాత్రమే పోయినచో చక్రమును మార్చ నక్కరలేదు. క్రొత్త కడియమును కాచి, అది వ్యాకోచించినపుడు తొడిగి, చల్లారనిచ్చినచో బిగిసిపోవును. మన కమ్మరి బండిచక్రమునకు ఇనుప పట్టా వేయుట ఇదియే గదా! అయితే కమ్మరి ఎర్రగా కాచును. ఈ కడియమును అట్లు కాచినచో పండ్ల పదును పోవును.

చక్రమును మార్చుటలో కష్టమంతయు దానిని చేరుటలోనే యున్నది. అది ఇంజనుకును గేరుబాక్సుకును నడుమ దాగియుండును. ట్రయంఫ్ స్పిట్‌ఫైరు అను కారులో గేరుబాక్సును సీట్ల నడుమనుండి లోపలికే తీసివేయవచ్చును. ఎం.జి.బి.లో అట్టి సదుపాయము లేదు, ఇంజనునే పైకెత్తవలెను. ముందుగా సీటు వెనుకనున్న బాటరీ తీగలను విప్పి, నీటిని నూనెను వదలి, బానెట్టును, రేడియేటరును, కార్బురేటర్లను, స్టార్టరును తీసివేసి, గేరుబాక్సు క్రింద ఆధారముంచి, కలిపిన బోల్టులను విప్పి, చిన్న క్రేనుతో ఇంజనును ముందునకు లాగుచు పైకెత్తుదురు. ఒంటరిగా చేయదగిన పని కాదు. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు క్రిందికి ఎవరును దూరరాదు. గట్టి స్టాండ్లు వేసి, కదలించి చూచి, అటుపిమ్మట దూరవలెను.

క్లచ్చి కనబడగానే లోపలనున్న నల్లని దుమ్మును నోటితో ఊదవలెనని తోచును. ఊదరాదు. ఆ కాలపు క్లచ్చి పలకలలో ఆస్‌బెస్టాసు నార ఉండెడిది. అది ఊపిరితిత్తులలో చేరి, ఏండ్లు గడచిన పిమ్మట కాన్సరు కలిగింపగలదు. బ్రిటను దేశమున 1999లో దానిని నిషేధించిరి గాని, పాత కారులోని దుమ్మునకు ఆ చట్టము తెలియదు! తడిగుడ్డతో మెల్లగా తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి కట్టివేయవలెను.

క్లచ్చి మూతలో స్ప్రింగు అదిమియుండును గనుక, దాని బోల్టులను ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పక, ఎదురెదురు బోల్టులను కొంచెము కొంచెముగా వదలు చేయవలెను. పిమ్మట ఫ్లైవీలు బోల్టులు. తీయకమునుపే చక్రము నిలిచిన తీరునకు గుర్తు పెట్టుకొనవలెను. చివరి రెండు బోల్టులను వదులుగా నుంచి చక్రమును కదలించి, రెండు చేతులతో పట్టుకొన్న పిమ్మటనే వానిని తీయవలెను. లేనియెడల చక్రము పాదము మీద పడును.

చక్రము వచ్చిన పిమ్మట తొందరపడరాదు. దాని వెనుకనున్న ఆయిలు సీలు కారుచున్నదేమో చూడవలెను. ఇంజను మరల ఎత్తుట ఎవరికిని ఇష్టము గాదు. క్రాంకుషాఫ్టు కొననున్న చిన్న కంచు బుష్షును కూడ ఇప్పుడే మార్చుదురు. రెండు ముఖములను బాగుగా తుడువవలెను. నడుమ ఇసుక రేణు వొక్కటి చిక్కినను చక్రము వంకరగా తిరిగి క్లచ్చి అదరును.

క్రొత్త చక్రము ఎట్టిది కొనవలెను? తేలికదానిని వేసినచో ఇంజను చురుకుగా వేగమందుకొనును. అయితే బండి నిలిచియున్నపుడు ఇంజను గడగడలాడును. కదలించునపుడు ఊరక ఆగిపోవును. పందెములు పరుగెత్తువానికి అది లాభమే. సంతకు పోవువానికి గాదు. పాత పోత ఇనుప చక్రమునే లేతుపట్టి సన్నము చేయుదమనువారును కలరు. ఇది నాకు సమ్మతము గాదు. మునుపు చెప్పిన 340 కిలోమీటర్ల వేగమును తలచుకొనుడు. పోత ఇనుము లాగుడునకు ఓర్వదు; పగిలిన ముక్క గేరుబాక్సు తొడుగును చీల్చి, నడుపువాని కాళ్ల వైపునకు వచ్చును. తేలిక చక్రము కావలసినచో ఉక్కుతో చేసినదానిని కొనవలెను.

బోల్టులను ఎదురెదురుగా, తయారుచేసినవారి పుస్తకములో నిచ్చిన కొలత ప్రకారము, టార్కు స్పానరుతో బిగింపవలెను. చేతి యంచనా పనికిరాదు. చక్రపు ముఖముననున్న గ్రీజును స్పిరిటుతో తుడిచి, క్లచ్చి పలకను దాని కడ్డీతో సరిగా నడిమికి తెచ్చి, మూతను బిగింపవలెను. పలక ఏమాత్రము ప్రక్కకు జరిగినను గేరుబాక్సు ఇరుసు దూరదు. దూరనిచో బలవంతము చేయక, మరల విప్పి సరిచేయుటే మేలు.

ఇంజను తిరిగి చేరిన పిమ్మట మొదటి కొన్ని వందల మైళ్లు క్లచ్చిని జారనీయక మెల్లగా నడుపుదురు. పలకయు క్రొత్త ముఖమును ఒకదానితో నొకటి పొందుపడవలెను గదా.

పై తరగతి బాలురకు ఒక లెక్క: అదే వ్యాసార్ధము గల 8 కిలోగ్రాముల బిళ్ల, 10 కిలోగ్రాముల బిళ్ల 3000 చుట్లకు దాచినంత శక్తిని దాచవలెననిన, నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగవలెను?