ఇంట్లో మూడు లినక్స్ కంప్యూటర్లు: బ్యాకప్‌కు ఏది మేలు?

ప్రశ్న: మా ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక డెస్క్‌టాప్ ఉన్నాయి. మూడింటిలోనూ లినక్సే. పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు పోకూడదు. ఇప్పటికే టైమ్‌షిఫ్ట్ ఉంది. అది చాలదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చాలదండీ. టైమ్‌షిఫ్ట్ పని వేరు. అప్‌డేట్ వికటిస్తే సిస్టమ్‌ను పాత స్థితికి తెస్తుంది. మనం ప్రత్యేకంగా చెబితే తప్ప హోమ్ ఫోల్డర్‌లోని ఫొటోల జోలికి పోదు.

మీకు రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ సరైనది. ఉచితం. ఫైళ్లను ముక్కలుగా విడగొట్టి, ఒకసారి దాచిన ముక్కను మళ్లీ దాచదు. మూడు కంప్యూటర్లూ ఒకే రిపాజిటరీని (బ్యాకప్ దాచే చోటును) పంచుకోవచ్చు కాబట్టి, ఒకే ఫొటో మూడుచోట్ల ఉన్నా డిస్కులో పట్టే చోటు ఒక్కదానికే. డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది.

బోర్గ్ కూడా గట్టిదే. దానికి వోర్టా అనే విండో ప్రోగ్రామ్ ఉంది. కాకపోతే ఒక్కో కంప్యూటర్‌కు విడి రిపాజిటరీ పెట్టుకోవడం మంచిది. కమాండ్లు అసలు వద్దనుకుంటే డేజా డూప్ తేలిక.

ఏది ఎంచుకున్నా మూడు జాగ్రత్తలు తప్పవు. బ్యాకప్ రోజూ దానంతటదే జరిగేలా టైమర్ పెట్టండి. రెండో కాపీని మరో డిస్కులో, బంధువుల ఇంట్లో ఉంచండి. పాస్‌వర్డ్‌ను కాగితంపై రాసి బీరువాలో దాచండి. అది పోతే రెస్టిక్ బ్యాకప్‌ను ఎవరూ తెరవలేరు.

నెలకోసారి ఏదైనా ఒక ఫొటోను బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి చూడండి. తిరిగి వచ్చినప్పుడే అది బ్యాకప్.